ఎకనామిక్స్ డిగ్రీకి ఎడ్యుకేషన్ లోను: బ్యాంకు వేయని లెక్క

ఇంటర్ ఎంఈసీ అయిపోయింది, ఫలానా ప్రైవేటు యూనివర్సిటీలో బీఏ ఎకనామిక్స్ ఆనర్స్ సీటొచ్చింది, ఏడాదికి రెండున్నర లక్షలు, బ్యాంకువాళ్లు లోను ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా? జూన్ వస్తే నెల్లూరు ట్రంకురోడ్డు నుంచి ఒంగోలు కర్నూలు రోడ్డు దాకా ఏ శాఖలో కూర్చున్నా ఇదే మాట. బ్యాంకు "ఇస్తాం" అనడం వేరు, మనం తీర్చగలగడం వేరు. విద్యార్థి రేపటి సంపాదన చూసి లోను ఇవ్వాలని స్కీము కాగితంలోనే రాసుంది. ఆచరణలో మేనేజరు చూసేది నాన్న ఆదాయం, నాన్న సిబిల్ (పాత అప్పులు ఎలా తీర్చారో చూపే స్కోరు), కాలేజీ పేరు, తాకట్టుకి ఏముందన్నది. ఎకనామిక్స్ చదివితే నెలకెంత చేతికొస్తుందన్న సంగతి ఆ ఫైల్లో ఏ కాగితం మీదా ఉండదు. ఆ లెక్క ఇంట్లోనే వేసుకోవాలి.

ఈ రివ్యూ ఏ ఒక్క బ్యాంకు మీదా కాదు. ప్రభుత్వ బ్యాంకులన్నీ ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా మీద కొంచెం అటూ ఇటూగా ఇచ్చే ఎడ్యుకేషన్ లోను అనే సరుకు, ఎకనామిక్స్ చదివేవాళ్లకి ఎంత పనికొస్తుందన్నదాని గురించి. మార్కులు ముందే చెప్పేస్తాం. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కోసమైతే ఐదుకి నాలుగు. ప్రైవేటు యూనివర్సిటీలో బీఏ కోసమైతే ఐదుకి ఒకటిన్నర. అదే లోను, అదే వడ్డీ, అయినా ఇంత తేడా ఎందుకంటే, చదువైపోయిన ఏడాదికే కిస్తు మొదలవుతుంది. ఎకనామిక్స్‌లో సంపాదన మాత్రం బీఏతో రాదు, ఎంఏ దాటాక, ఒకటీ రెండు పోటీ పరీక్షలు దాటాక వస్తుంది.

ఇచ్చేదేంటి

4 లక్షల లోపు లోనుకి తాకట్టు అడగకూడదు. ఇది రిజర్వు బ్యాంకు ఆదేశం, మేనేజరు దయ కాదు. తల్లో తండ్రో కో-బారోవర్‌గా, అంటే అప్పులో భాగస్థులుగా, సంతకం పెడితే చాలు. 4 నుంచి 7.5 లక్షల మధ్య నమూనా స్కీము ప్రకారం మూడో మనిషి హామీ అడగొచ్చు. అయితే అదే లోనుని క్రెడిట్ గ్యారంటీ ఫండు కింద పెడితే 75 శాతానికి ప్రభుత్వ పూచీ ఉంటుంది, హామీదారు కోసం బంధువుల ఇళ్ల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. "గ్యారంటీ ఫండు కింద పెట్టండి" అని మనం నోరు తెరిచి అడగాలి. 7.5 దాటితే ఆస్తి తాకట్టు. 4 లక్షల పైన మన చేతి డబ్బు దేశంలో చదువుకి 5 శాతం, బయటి దేశాలకి 15 శాతం పెట్టుకోవాలి. దేశంలో చదువుకి ప్రాసెసింగ్ ఫీజు లేదు. చదివినన్నాళ్లూ, ఆపైన ఇంకో ఏడాదీ కిస్తు కట్టక్కర్లేదు. తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్లలో తీర్చాలి.

ట్యూషన్ ఫీజు ఒక్కటే కాదు, హాస్టలు, పరీక్ష ఫీజులు కూడా లోనులో కలుస్తాయి. పుస్తకాలు, ల్యాప్‌టాపు లాంటివి మొత్తం ట్యూషన్ ఫీజులో 20 శాతం దాకా, కాలేజీ తిరిగిచ్చే డిపాజిట్లు 10 శాతం దాకా కలపొచ్చు. ల్యాప్‌టాపు కొటేషను మొదటి దరఖాస్తుతోనే పెట్టాలి. మంజూరయ్యాక తెస్తే "శాంక్షన్‌లో లేదు కదండీ" అంటారు, ఆ మాటలో తప్పూ లేదు.

7.5 లక్షలు ఎంతవుతుంది

ఏడాదికి 2.5 లక్షల చొప్పున మూడేళ్లు, వడ్డీ 10 శాతం అనుకుందాం. అసలు రేటు మీ శాంక్షన్ లెటర్‌లో ఎంతుంటే అంత వేసుకోండి, లెక్క తీరు మారదు. చదువుతున్నప్పుడు కిస్తు ఉండదు గానీ వడ్డీ ఆగదు, సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి రెండున్నర లక్షల మీద నాలుగేళ్లకి 1,00,000. రెండో ఏడాది ఇచ్చిన దాని మీద మూడేళ్లకి 75,000. మూడోదాని మీద రెండేళ్లకి 50,000. అంతా కలిపి 2,25,000. కిస్తు మొదలయ్యే రోజుకి 7.5 లక్షల అప్పు 9.75 లక్షలయి కూర్చుంటుంది. శాంక్షన్ రోజున ఇంట్లో ఎవరూ ఈ అంకె చూడరు, లెటర్‌లో 7,50,000 అనే ఉంటుంది మరి.

9.75 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 12,885. పదిహేనేళ్లకైతే సుమారు 10,477. నెలకి 2,400 తగ్గిందని సంబరపడకండి. పదేళ్ల దారిలో మొత్తం కట్టేది 15.46 లక్షలు, పదిహేనేళ్ల దారిలో 18.86 లక్షలు. నెలనెలా దొరికిన ఆ వెసులుబాటు ఖరీదు 3.4 లక్షలు.

చదువుతుండగానే వడ్డీ కట్టుకుంటూ పోతే మొదటి ఏడాది నెలకి 2,083, రెండో ఏడాది 4,167, తర్వాత రెండేళ్లూ 6,250. అప్పుడు కిస్తు 7.5 లక్షల మీదే, పదేళ్లకి సుమారు 9,911. మొత్తం 14.14 లక్షలతో పోతుంది, అంటే లక్షా ముప్ఫై వేల పైన మిగిలినట్టు. పైగా ఇలా కట్టేవాళ్లకి ఆ కాలానికి ఒక శాతం వడ్డీ తగ్గించే వీలు స్కీములోనే ఉంది. దానంతట అది రాదు, లిఖితంగా అడిగి శాంక్షన్ లెటర్‌లో రాయించుకోవాలి.

ఇంకో చిన్న కిటుకు. కాలేజీ సెమిస్టర్‌వారీగా ఫీజు తీసుకుంటుంటే బ్యాంకుని కూడా సెమిస్టర్‌వారీగానే విడుదల చెయ్యమనండి. ఏడాది ఫీజు 2.5 లక్షలూ జులైలోనే ఒకేసారి పంపితే రెండో సెమిస్టరు 1.25 లక్షల మీద ఆర్నెల్ల వడ్డీ ఊరికే పోతుంది. ఏడాదికి 6,250, మూడేళ్లకి 18,750. శాఖకి ఒకసారి పంపడమే సుఖం కాబట్టి వాళ్లంతట వాళ్లు ఈ మాట ఎత్తరు.

ఇటు జీతం

క్యాంపస్‌లో 4.8 లక్షల సీటీసీ, అంటే కంపెనీ మన మీద పెట్టే ఖర్చంతా కలిపి చూపే ఏడాది జీతం, వచ్చిందనుకోండి. కాగితం మీద నెలకి 40,000. అందులో పది శాతం వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) అయితే 4,000 పక్కకి. బేసిక్ 20,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 2,400, గ్రాట్యుటీ కింద చూపించేది 962, మన వాటా పీఎఫ్ మళ్లీ 2,400, వృత్తి పన్ను 200. చేతికొచ్చేది దాదాపు 30,000. అందులో 12,885 కిస్తు అంటే నూటికి 43. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో హాస్టలు, తిండి, బస్సు పోను ఇంటికి పంపడానికేమీ ఉండదు, ఒక నెల జీతం ఆలస్యమైతే కిస్తు తప్పుతుంది. తప్పితే సిబిల్ దెబ్బతినేది పిల్లకి ఒక్కదానికే కాదు, కో-బారోవర్ సంతకం పెట్టిన నాన్నకి కూడా. మరుసటి ఏడాది క్రాప్ లోను రెన్యువల్‌కి వెళ్లినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. చేతికొచ్చే జీతంలో కిస్తు అయిదో వంతు దాటకుండా చూసుకోండి. నాలుగో వంతు దాటిందంటే ఆ లోను వద్దనుకోవచ్చు.

బీఏ ఎకనామిక్స్‌తో తెరుచుకునే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం "ఏదైనా డిగ్రీ" అని రాసి ఉండేవే. ప్రభుత్వ బ్యాంకు క్లర్కు మొదటి బేసిక్ 24,050, పీవోకి (ఆఫీసరుకి) 48,480. ఈ పరీక్షలు కావలిలో బీఏ చదివినవాళ్లూ రాస్తారు, ఏడాదికి రెండున్నర లక్షలు పోసి చదివినవాళ్లూ రాస్తారు, పేపరు ఒకటే. ఆ ఉద్యోగమే గురి అయితే 9.75 లక్షల అప్పు పరీక్ష హాల్లో ఒక్క మార్కు కూడా అదనంగా తేదు.

ఎకనామిక్స్‌కే ప్రత్యేకమైన ఉద్యోగాలు ఎంఏ తర్వాత మొదలవుతాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకి పీజీ తప్పనిసరి, వయసు 21 నుంచి 30 లోపు, చేరేటప్పుడు బేసిక్ 56,100. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ స్కేలు 2022 వేతన సవరణలో 57,100 దగ్గర మొదలవుతుంది, దానికీ ఎంఏ కావాలి. యూజీసీ జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, ఇది 2023 జనవరి నుంచి ఉన్న మొత్తం. రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగంలో గ్రేడ్-బి పోస్టుకీ ఎకనామిక్స్ పీజీయే అడుగుతారు. డిగ్రీతోనే దొరికే వాటిలో చెప్పుకోదగ్గది జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, బేసిక్ 35,400. దానికి ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతమో, డిగ్రీలో స్టాటిస్టిక్సో ఉండాలి.

ఇప్పుడు కాలెండరు దగ్గర పెట్టుకుని చూడండి. బీఏ అయ్యేసరికి 20, 21 ఏళ్లు. ఏడాది తర్వాత కిస్తు మొదలు. అప్పటికి ఎంఏ సగంలో ఉంటుంది. ఎంఏ అయ్యాక పరీక్షలకి ఒకటి రెండేళ్లు. అంటే మంచి జీతం మొదలయ్యే రోజుకి కిస్తు మొదలై రెండు మూడేళ్లు అయిపోతుంది. పై చదువుకి వెళితే మారటోరియం (కిస్తు కట్టక్కర్లేని కాలం) పొడిగించే వీలుంది, మధ్యలో ఉద్యోగం లేని కాలానికి రెండు మూడు సార్లు కిస్తు వాయిదా ఇచ్చే వీలు కూడా నమూనా స్కీములో ఉంది. రెండూ అడిగినవాళ్లకే, అదీ కిస్తు తప్పక ముందు అడిగినవాళ్లకే. తొంభై రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక పెట్టుకునే అర్జీకి విలువ ఉండదు.

ఇంగ్లండులో లోను తీరు వేరు. 2023 ఆగస్టు నుంచి చేరిన అక్కడి పిల్లలు ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన సంపాదనలో 9 శాతం మాత్రమే కడతారు, జీతం లేకపోతే కిస్తు లేదు, 40 ఏళ్లకి మిగిలింది కొట్టేస్తారు. మన లోనుకి జీతంతో నిమిత్తం లేదు. 15,000 వచ్చినా 50,000 వచ్చినా కిస్తు అంతే. "అమెరికాలో, లండన్‌లో అందరూ లోనులతోనే చదువుతారు" అని కౌన్సెలింగ్‌లో చెప్పేవాళ్లు ఈ తేడా చెప్పరు.

సీఈసీనా, ఎంఈసీనా

లోను కంటే ముందు తేలాల్సింది ఇది. ఢిల్లీ యూనివర్సిటీ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కి సీయూఈటీలో (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్షలో) మ్యాథ్స్ తప్పనిసరి. మ్యాథ్స్ లేని సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకి ఆ తలుపు ఇంటర్లో చేరిన రోజే మూసుకుపోతుంది. మంచి ఎంఏ ప్రవేశ పరీక్షల్లో వచ్చేవి కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. తెలుగు మీడియంలో థియరీ బట్టీపట్టి బీఏ ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. మ్యాథ్స్ లేని ఎకనామిక్స్‌కి పెద్ద లోను పెట్టొద్దు. స్థానికంగా బీఏ చదువుతూ మైనర్‌గా మ్యాథ్సో స్టాటిస్టిక్సో తీసుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మా దృష్టిలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకి సరిపడే దారి ఇది. బీఏ విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి యూనివర్సిటీల పరిధిలో, ఫీజు వేలల్లో ఉండే కాలేజీలో. ఆ మూడేళ్లూ మ్యాథ్స్, ఇంగ్లీషు, ఎక్సెల్, ఆర్ లేదా స్టేటా (ఈ రెండూ డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్లు). ఆపైన సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట ఎంఏ. అక్కడ ట్యూషన్ కంటే హాస్టలు, మెస్సు ఖర్చే ఎక్కువ. రెండేళ్లకి 2.5 లక్షల లోను తీసుకున్నా మారటోరియం వడ్డీతో కలిపి 3,12,500 అవుతుంది, ఏడేళ్లకి కిస్తు 5,188. ముందు చెప్పిన 30,000 జీతంలోనే ఇది ఆరో వంతు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ దొరికితే ట్యూషన్ ఫీజు లేకపోగా వాళ్లే స్టైపెండ్ ఇస్తారు, లోను మాటే లేదు. ప్రవేశ పరీక్ష మాత్రం గట్టిది.

ప్లేస్‌మెంట్ కాగితం చదివే పద్ధతి

బ్రోచర్‌లో "అత్యధిక ప్యాకేజీ" అంకె మీద వేలు పెట్టి మూసేయండి. అది ఒక్కరిది. "సగటు" కూడా నమ్మదగ్గది కాదు, పాతిక లక్షల ఇద్దరు ముప్ఫై మంది సగటుని పైకి లాగేస్తారు. చూడాల్సింది మధ్యస్థం, అంటే వరసలో నిలబెడితే నడిమి మనిషి జీతం. ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే) ర్యాంకింగుకి పంపిన డేటాని కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడతాయి. అందులో మూడేళ్ల యూజీ, రెండేళ్ల పీజీ అని విడివిడిగా పట్టికలుంటాయి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం, పై చదువుకి ఎంతమంది వెళ్లారు, అన్నీ పక్కపక్కనే.

లోపం ఒకటుంది. పట్టిక కోర్సు కాలాన్ని బట్టే గానీ సబ్జెక్టుని బట్టి కాదు. బీకాం, బీబీఏ, బీఏ అన్నీ ఒకే గంపలో. ఎకనామిక్స్ విడిగా తెలియాలంటే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి మూడు అంకెలు అడగండి: పోయినేడాది బ్యాచ్‌లో మొత్తం ఎంతమంది, ప్లేస్‌మెంట్‌కి పేరిచ్చినవాళ్లు ఎంతమంది, ఆఫరు వచ్చినవాళ్లు ఎంతమంది. "నూటికి 90 ప్లేస్‌మెంట్" అన్నది సాధారణంగా పేరిచ్చినవాళ్లలో 90. అరవై మందిలో ఇరవై మందే పేరిచ్చి పద్దెనిమిది మందికి వచ్చినా అది 90 శాతమే. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

వడ్డీ రాయితీలో ఎకనామిక్స్‌కి వచ్చే చిక్కు

పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని కేంద్ర కేబినెట్ 2024 నవంబరు 6న ఆమోదించింది. ఎంపిక చేసిన సంస్థల్లో చేరితే తాకట్టు, హామీదారు లేకుండా లోను. ఎన్ఐఆర్ఎఫ్ తొలి వంద ర్యాంకుల్లోని సంస్థలు, 101 నుంచి 200 మధ్యనున్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఈ జాబితాలోకి వస్తాయి. మొదట్లో 860 సంస్థలు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోను మీద మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ, ఏటా లక్ష మందికి. మనం వేసిన 7.5 లక్షల లెక్కలో ఇది 67,500 తగ్గిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఆదాయం 4.5 లక్షల లోపు కుటుంబాలకి మారటోరియం వడ్డీ మొత్తం ప్రభుత్వమే కట్టే పాత పథకం టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకే. మామూలు బీఏ, ఎంఏ ఎకనామిక్స్ అందులోకి రావు. ఒకే ఇంట్లో అక్క బీటెక్ లోనుకి మారటోరియం వడ్డీ పూర్తిగా మాఫీ అయి, తమ్ముడి ఎకనామిక్స్ లోనుకి కాకపోవడానికి కారణం ఇదే. బ్యాంకు గుమాస్తా తప్పేమీ కాదు. కొత్త పథకంలోనూ లక్ష మంది లెక్క దాటితే ప్రభుత్వ సంస్థల్లో టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులవాళ్లకే మొదటి పీట. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో ఫీజు రాయితీయో తీసుకుంటుంటే ఈ 3 శాతం రాదు. రాయితీ జీవితంలో ఒక్కసారే, బీఏకి వాడుకుంటే ఎంఏకి ఉండదు. కాబట్టి రాయితీ వస్తుందని ముందే లెక్కలో కలుపుకోవద్దు. వస్తే మంచిదే.

తాకట్టు ఫైలు: మన ఊళ్లలో ఇక్కడే ఆగుతుంది

7.5 లక్షలు దాటిన లోనుల్లో ఎక్కువ తిప్పలు ఇక్కడే. నాలుగెకరాల మాగాణి ఉంది, పాసుపుస్తకం ఉంది, అది పెట్టుకోండి అంటాడు రైతు. బ్యాంకు వద్దంటుంది. అప్పు ఎగ్గొడితే ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, 31వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. అందుకే చాలా శాఖలు ఇల్లో, ఇళ్ల స్థలమో అడుగుతాయి. పల్లెలో ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది, తాతల నాటిది, రిజిస్టరు దస్తావేజు ఉండదు, ఇంటిపన్ను రసీదు తప్ప. అదీ పనికిరాదు. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి) అయితే అసైన్డ్ భూమి అని శాఖలు వెనకాడతాయి. చుక్కల భూమి (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నది) అనో ఇంకేదో కారణంతోనో 22-ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో సర్వే నంబరుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కదలదు. పట్టణం అంచున కొన్న ప్లాటుకి నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి లేకపోతే లాయరు లీగల్ ఒపీనియన్ దగ్గరే ఆపేస్తాడు.

కాబట్టి సీటు వచ్చాక కాదు, ఇంటర్ రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లోనే ఈ ఫైలు తెరవండి. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి వచ్చిన పాత దస్తావేజులు) వరసగా ఉన్నాయో లేదో చూడండి. తాత పేరు మీద ఉండి భాగపరిష్కారం కాకపోతే పెదనాన్న, బాబాయిల సంతకాలు కావాలి, అది రెండు రోజుల్లో తేలే పని కాదు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చులు మనవే. ఇవి లోనులో కలవవు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులకి, కోవూరు, బుచ్చి వైపు వరి, రొయ్యల రైతులకి ఇంకో ఇబ్బంది. ఐటీ రిటర్నులు ఉండవు. తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం సచివాలయం ద్వారా తెచ్చుకోవాలి, రాయితీకి కూడా అదే ఆధారం. క్రాప్ లోను గడువు దాటి ఉంటే అది ముందు రెన్యువల్ చేయించి, తర్వాతే ఎడ్యుకేషన్ లోనుకి అర్జీ పెట్టండి. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాన్నదీ అమ్మదీ ఇద్దరివీ తీసి చూసుకుంటే, ఎవరిది బాగుందో వాళ్లనే కో-బారోవర్‌గా పెట్టొచ్చు.

శాఖలో సేవ

అర్జీ పోర్టల్‌లోనే పెట్టండి. విద్యాలక్ష్మి పోర్టల్ 2015 ఆగస్టు 15 నుంచి ఉంది, నోటిమాటకి లేని తేదీ దానికి ఉంటుంది. "మీ ఊరు మా సర్వీస్ ఏరియా కాదు, మీ మండలంలో బ్యాంకుకి వెళ్లండి" అనే మాట ఇప్పటికీ వినపడుతుంది. ఆ కారణంతో ఎడ్యుకేషన్ లోను తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే సర్క్యులర్ ఇచ్చింది. స్కీము ప్రకారం అర్జీ 15 రోజుల నుంచి నెలలోపు తేల్చాలి, కాదనాలంటే పై అధికారి సమ్మతి ఉండాలి, కారణం రాసివ్వాలి. "కుదరదండీ" అంటే "ఆ మాటే రాసివ్వండి" అనండి. చాలా ఫైళ్లు ఆ ఒక్క వాక్యంతో కదులుతాయి. బ్యాంకుకి ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఖర్చు లేకుండా రాయొచ్చు.

శాంక్షన్ లెటర్ మీద సంతకానికి ముందు జీవిత బీమా ప్రీమియం లోనులో కలిపారేమో చూడండి. బీమా మంచిదే, బయట టర్మ్ పాలసీతో ధర పోల్చుకునే హక్కు మనకుంది. లోనులో కలిపితే ప్రీమియం మీద కూడా పదేళ్లు వడ్డీ కడతాం.

"80-ఈ కింద పన్ను మినహాయింపు" అని కౌంటర్‌లో ఊరిస్తారు. కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ల పాటు మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేనప్పుడు అయిదారు లక్షల సీటీసీ పిల్లకి దాని విలువ సున్నా. పాత విధానంలో ఉండి, లోను తన పేరు మీద తీసుకున్న టీచరు నాన్నకైతే ఉపయోగం.

విదేశాల్లో ఎకనామిక్స్ పీజీ

క్లుప్తంగా ఒక్క విషయం. అమెరికాలో ఎంఎస్ ఎకనామిక్స్ అంటే అన్నీ ఒకటి కావు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద కోర్సు కోడు 45.0603, అంటే ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అయితే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, మ్యాథ్స్ వర్గం) కింద ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, మొత్తం మూడేళ్లు. 45.0601 జనరల్ ఎకనామిక్స్ అయితే ఏడాదే. కోడు చివర్లో ఒక్క అంకె తేడాకి రెండేళ్ల డాలరు జీతం తేడా. కన్సల్టెన్సీవాళ్లు చెప్పకపోతే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి కోడు అడగండి, అది తెలియకుండా ఇల్లు తాకట్టు పెట్టొద్దు.

తీర్చేటప్పుడు, తీరాక

ఫ్లోటింగ్ (మార్కెట్‌ని బట్టి మారే) వడ్డీ లోనుని ముందే తీర్చినా అపరాధ రుసుము లేదు. బోనసో, పొగాకు వేలం డబ్బో వచ్చినప్పుడు అసలులో జమ చేయమని, కిస్తు కాకుండా కాలం తగ్గించమని లిఖితంగా చెప్పండి. చెప్పకపోతే కొన్ని శాఖల్లో ఆ డబ్బు రాబోయే కిస్తుల కింద నిలబడిపోతుంది, వడ్డీ మాత్రం తగ్గదు.

ఆఖరి కిస్తు కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్టుతో తృప్తిపడి వచ్చేయొద్దు. 2023 డిసెంబరు 1 నుంచి వర్తించే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, మొత్తం తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలి. తాకట్టు రిజిస్టరు చేసి ఉంటే విడుదల దస్తావేజు కూడా రిజిస్టరు చేయించి, రెండు వారాలాగి మళ్లీ ఒక ఈసీ తీయండి. అందులో బ్యాంకు పేరు పక్కన విడుదల ఎంట్రీ పడిందో లేదో కళ్లారా చూశాకే ఆ ఫైలు బీరువాలో పెట్టండి.